పర్దా రిక్షాలో పట్టిన నిద్ర

నిద్రపోయి రైలు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. నిద్రపోయి ఇల్లు దొంగలకు అప్పగించినవాళ్లూ ఉంటారు. నిద్రపోయి, ఒకే పొద్దున ఒక ఆడపిల్లల బడినీ ఒక సర్కారు దఫ్తరునూ తలకిందులు చేసినవాణ్ని మాత్రం నాకు తెలిసి హైదరాబాదులో నేనొక్కణ్నే. ఇందులో గొప్ప చెప్పుకోవలసింది ఏమీ లేదు. ఇన్నేళ్లు దాచి ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, నాతోపాటే నా పరువు కూడా రిటైరైంది. దానికి ఇంట్లో ఊరికే కూర్చోవడం తప్ప వేరే పని లేదు.

యాభైల మొదట్లో సంగతి. నాకు ఇరవై నాలుగేళ్లు. ఇల్లు జహనుమాలో, దఫ్తరు నాంపల్లి దాటాక. మధ్యలో అలియాబాదు, శాలిబండ, చార్మినారు, నయాపుల్, దాని కింద మూసీ. పటం మీద చూస్తే అయిదు మైళ్లు. నా సైకిలు మీద చూస్తే, అది సైకిలు మనసును బట్టి ఉండేది. మా మేనమామ వాడి, ఆయన బావమరిది వాడి, ఇద్దరూ మోకాళ్లు పాడుచేసుకున్నాక నాకు దక్కిన సైకిలు అది. బ్రేకు వేస్తే కాసేపు ఆలోచించుకుని ఆగేది. చైను మాత్రం ఆలోచించకుండానే ఊడేది.

పొద్దున పోయేటప్పుడు గాలి ఎదురు. సాయంత్రం వచ్చేటప్పుడూ గాలి ఎదురే. చాలా రోజులు ఆలోచించి నేనొకటి తేల్చుకున్నాను. గాలి కూడా నాలాగే రోజూ నౌకరీకి పోతుంది. కాకపోతే దాని దఫ్తరు జహనుమాలో, ఇల్లు నాంపల్లిలో.

ఈ రాకపోకల్లో పడి నాకు బతుకు మీద ఉండవలసిన శ్రద్ధ అంతా రోడ్డు మీదకు పోయింది. దఫ్తరులో ఒక సీటు సంపాదించుకున్నందుకు, రోజూ పది మైళ్లు ఇంకో సీటు మీద కూర్చోవలసి వచ్చేది. రెండింటిలో ఏది ఎక్కువ గట్టిదో ఇప్పటికీ చెప్పలేను. సాయంత్రం ఇల్లు చేరి పళ్లెం ముందు కూర్చుంటే, ముద్ద నోట్లో ఉండగానే కళ్లు మూతపడేవి. అమ్మ వచ్చి భుజం తట్టి, "మింగి పండు బిడ్డా" అనేది. మా గల్లీలో ఎవరింట్లో ఎవరు పుట్టారో నాకు ఆదివారం నాడే తెలిసేది. అప్పటికి ఆ పుట్టినవాళ్లకు పేరు పెట్టడం కూడా అయిపోయేది. ఒక నవల మొదలుపెట్టి ఆరు నెలలైనా మొదటి పేజీ దాటలేదు. ఆ పేజీలో ఒక యువకుడు ఉదయాన్నే షికారుకు బయలుదేరుతాడు. అతనికి ఏం పనిలేదా అని కోపం వచ్చి, పుస్తకం మూసి పడుకునేవాణ్ని.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ఒక ఎర్రగీత. మా దఫ్తరు పదిన్నరకు. పదీ నలభై కాగానే మా సూపరింటెండెంటు, అందరం పెద్దసాబ్ అనేవాళ్లం, హాజరు పుస్తకం ముందుకు లాక్కుని, అప్పటిదాకా పడిన సంతకాల కింద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత గీసేవారు. గీత కింద సంతకం చేసినవాడు ఆలస్యంగా వచ్చినవాడు. నేను రెండేళ్లుగా టెంపరరీ గుమాస్తాను. నన్ను పర్మనెంటు చేయమని రాసిన కాగితం పెద్దసాబ్ బల్ల మీద ఉంది. దాన్ని మరుసటి శనివారం పైకి పంపాలి. దానికి సరిగ్గా వారం ముందు ఆయన నన్ను పిలిచారు.

"ఏమయ్యా, గీ నెల నీవి ఎన్ని లేట్లయినయి?"

"రెండు సార్."

"గీత కింద నీ సంతకం ఇంకోటి కనబడిందనుకో, నీ కాయితం నేను పైకి పంప. ఆ జాగల వేరేటోణ్ని తీసుకుంట. తెలిసిందా?"

"తెలిసింది సార్. చైన్ ఊడుతుంది సార్."

"చైనూ ఊడుతది, నౌకరీ ఊడుతది. దేన్ని బిగించుకుంటవో నువ్వే చూసుకో."

ఆయనకు నా మీద పగ ఏమీ లేదు. యాకుత్‌పురా నుంచి ఆయన కూడా సైకిలు మీదే వచ్చేవారు. ఇరవై ఏళ్లుగా ఒక్కనాడు ఆలస్యం కాలేదని దఫ్తరంతా చెప్పుకునేవారు. అటువంటి మనిషికి చైను సంగతి చెప్పడం దండగ.

ఆదివారం సాయంత్రం నేను మా గడప మీద కూర్చుని చైనుకు నూనె పోస్తూ, నిద్రలో నా కాళ్లకు కూడా పోసుకుంటుంటే, పక్కింటి యాదగిరి వచ్చాడు. యాదగిరిది పర్దా రిక్షా. ఈ కాలం వాళ్లకు అదేమిటో చెప్పాలి. అప్పట్లో పాతబస్తీలో పరువైన ఇళ్ల ఆడవాళ్లు, తురకలైనా హిందువులైనా, రిక్షా ఎక్కితే దానికి చుట్టూ గుడ్డ కట్టేవారు. ఆమె ఎక్కేటప్పుడు రిక్షావాడు మొహం అటు తిప్పుకుని నిలబడతాడు. ఆమె లోపల కూర్చుని చెక్క మీద రెండుసార్లు తడుతుంది. రిక్షా కదులుతుంది. దారిలో అతను పలకరించడు, వెనక్కి చూడడు. దిగేదాకా అంతే. యాదగిరి నెలవారీగా శకుంతలమ్మ అనే టీచరమ్మను లాడ్ బజార్ వెనక గల్లీలో ఉన్న ఆడపిల్లల బడికి తీసుకుపోయి తెచ్చేవాడు.

"అన్నా, ఏంది గట్ల సోలుతున్నవ్?" అన్నాడు.

"నిద్ర, యాదగిరీ. దఫ్తరుకు పోయేటప్పుడు నిద్ర, వచ్చేటప్పుడు నిద్ర. సైకిల్ మీద పండరాదు కదా."

"మా టీచరమ్మ చెల్లె పెండ్లికి వరంగల్ పోయింది. సోమారం సంది శనారం దాంక రిక్షా ఖాళీ. నువ్వు కూసుంటవా? నా లైసెన్సు అర్జీ నువ్వే రాస్తివి గద. గిది నా వంతు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే కూలబడింది. "వద్దులే. గుమాస్తా రిక్షాల పండుకొని పోతుంటే పక్కనుంచి పెద్దసాబ్ సైకిల్ తొక్కుకుంట వచ్చిండనుకో. నా కాయితం ఆడనే చింపుతడు."

"పర్దా విప్పను. లోపల ఎవరున్నది ఎవనికి ఎరుక?"

ఇది విన్న మరుక్షణం నా బుద్ధి నన్ను వదిలి వరంగల్ పెండ్లికి పోయింది. యాదగిరి మాత్రం షరతులు పెట్టాడు.

"లోపల దగ్గొద్దు. బీడీ తాగొద్దు. మాట్లాడొద్దు. మగ గొంతు వినబడితే నా రిక్షా పరువు పోతది. రేపటి సంది ఇజ్జత్‌దార్ ఇంటి ఆడోళ్లు ఒక్కలు ఎక్కరు."

"గురక పెడితే?"

"చిన్నగ పెట్టు" అన్నాడు.

సోమవారం ఎక్కాను. రెండుసార్లు తట్టాను. అలియాబాదు దాటలేదు, నేను ఈ లోకం దాటిపోయాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి నాంపల్లి. దఫ్తరుకు రెండు వీధుల ఇవతల, జనం లేని గల్లీలో దిగి, జుట్టు దువ్వుకుని, పదింటికే పోయి సంతకం చేశాను. పెద్దసాబ్ నా వంక చూసి గడియారం వంక చూశారు. ఇద్దరిలో ఎవరో ఒకరు చెడిపోయారని ఆయన అనుమానం. మంగళవారం కూడా అంతే. ఆ రెండు సాయంత్రాలూ నేను అన్నం నమిలి మింగాను. అమ్మతో మాట్లాడాను. నవలలో రెండో పేజీ చదివాను. ఆ యువకుడు షికారు నుంచి తిరిగి వచ్చాడు. మంచివాడేనని తోచింది.

ఇక బుధవారం.

ఆ పొద్దున నేను మామూలుగా ఎక్కాను, మామూలుగా తట్టాను, మామూలు కంటే లోతుగా నిద్రపోయాను. తర్వాత జరిగినది నేను చూడలేదు, విన్నాను. చార్మినారు దగ్గర యాదగిరికి కాలి పిక్క పట్టేసింది. ఇక తొక్కలేకపోయాడు. అక్కడి రిక్షా అడ్డాలో ఉన్న తన బావమరిది మల్లేశుకు రిక్షా అప్పగించాడు. చుట్టూ పదిమంది ఉండగా లోపల మగవాడున్నాడని ఎలా చెబుతాడు? "నాంపల్లి దిక్కు తోలు" అని మాత్రం చెప్పి, పిక్క పట్టుకుని కూలబడ్డాడు.

మల్లేశు తెలివైనవాడు. నా పాలిట అదే చిక్కైంది. ఈ రిక్షాలో, ఈ వేళకు, పర్దా వెనుక ఉండేది టీచరమ్మ. టీచరమ్మ పోయేది బడికి. బావ నొప్పిలో ఏదో వాగాడు. లోపలి అమ్మను అడుగుదామా అంటే, పర్దాలో ఉన్న ఆడమనిషిని అడగడం మర్యాద కాదు. అందుకని ఆ మర్యాదస్తుడు హాండిలు తిప్పి, నన్ను తిన్నగా లాడ్ బజార్ వెనక గల్లీలోకి తీసుకుపోయి, బడి గేటు లోపల, ఆడవాళ్లు దిగే పక్కవాకిట్లో రిక్షా ఆపి, తాను బయటికి పోయి గోడ నీడన కూర్చున్నాడు.

నాకు మెలకువ వచ్చేసరికి చుట్టూ ఎక్కాలు. ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెండ్ల పద్నాలుగు. వంద మంది ఆడపిల్లలు ఒక్క గొంతుతో. నాంపల్లిలో ఏడో ఎక్కం ఎందుకు చెబుతున్నారా అని, పర్దా సందు లోంచి ఒక కన్ను పెట్టి చూశాను. జడలు. ఎటు చూసినా జడలు.

దిగి పరుగెత్తాలన్నది మొదటి ఆలోచన. గేటు దాకా నలభై అడుగులు. ఆ నలభై అడుగులూ ఆడపిల్లలే.

అంతలో ఎవరో వచ్చి రిక్షా పక్కన దుప్పటి అడ్డం పట్టారు. అది బడి ఆయా బాలమ్మ. "టీచరమ్మా, ఎప్పుడొచ్చినవ్ వరంగల్‌ల కెల్లి? ఆదివారం వస్తనంటివి గద. దిగు. నీ పిల్లలు లొల్లి లొల్లి చేస్తున్నరు."

నేను పర్దా అంచు లోపల నుంచి బిగించి పట్టుకున్నాను.

"ఏందమ్మా? దిగుతలేవు?"

మాట్లాడితే చావు. మాట్లాడకపోయినా చావే, కాకపోతే కొంచెం ఆలస్యంగా. గొంతు వీలైనంత సన్నగా చేసి, "ఊఁ" అన్నాను.

"గొంతు పోయినట్టున్నది. పెండ్లిల చల్లటి నీళ్లు తాగినవా? కడుపుల తిప్పుతుందా?"

"ఊఁ."

బాలమ్మ గొంతు ఒక్కసారిగా తియ్యనైపోయింది. "ఎన్నో నెల?"

ఆ ప్రశ్నకు "ఊఁ" అనకూడదని తెలిసే లోపలే అనేశాను. అలవాటైపోయింది.

"ఆగు, మజ్జిగ తెస్త" అని ఆమె పరుగున పోయింది. తెచ్చి, పర్దా అంచు దగ్గర గ్లాసు పట్టింది. "తాగు బిడ్డా. జర నిమ్మలంగ."

తీసుకోకపోతే పర్దా ఎత్తి తాగించేటట్టుంది. తీసుకుందామని చెయ్యి బయటపెట్టాను. మీరు గమనించే ఉంటారు, కంగారులో మనిషికి మెదడు ఒక్క పనే చేస్తుంది. గొంతు సన్నం చేయడం గుర్తుంది. చేతికి బారెడు వెంట్రుకలున్నాయనీ, దాని మీద తోలు పట్టీ గడియారం ఉందనీ గుర్తులేదు.

గ్లాసు నా చేతిలోకి రాలేదు, నేల మీదకు పోయింది. దుప్పటి కూడా కిందపడింది. బాలమ్మ కేక వేయలేదు, అది ఆమె గొప్పతనం. మెల్లగా వెనక్కి నడుచుకుంటూ పోయింది. కాసేపటికి బరువైన చెప్పుల చప్పుడు వినిపించింది. పెద్ద పంతులమ్మ, అంటే ఆ బడి హెడ్మిస్ట్రెసు, వచ్చి రిక్షాకు ఆనుకుని నిలబడి, పర్దాతో మాట్లాడింది. గొంతు చాలా నెమ్మది. నాకు భయం వేసింది ఆ నెమ్మదికే.

"ఎవరు నువ్వు?"

"గుమాస్తానమ్మా."

"ఏం గుమాస్తావు?"

"టెంపరరీ గుమాస్తాను."

"నా బడిల నీకేం పని?"

"నిద్రపోయినమ్మా. నాంపల్లి పోవాలె. రిక్షా ఇటొచ్చింది. పదీ నలభైకి దఫ్తరుల లేకుంటే నా నౌకరి పోతది. మీ కాళ్లు మొక్కుత, నన్ను దిగి పోనియ్యండ్రి."

"దిగినవంటే నా బడి ఆగమైతది" అంది ఆమె. "నాలుగేండ్ల సంది ఇంటింటికి తిరిగి, మగపురుగు రాదని మాటిచ్చి తెచ్చుకున్న పిల్లలు వీళ్లంత. టీచర్ల రిక్షాల కెల్లి మీసాలోడు దిగిండని పొద్దుగూకే వరకు శాలిబండ దాంక తెలుస్తది. రేపు ఒక్క పిల్ల రాదు. నీది ఒక్క నౌకరి. నాది నూరుమంది చదువు."

నేను సిగ్గుతో తలవంచుకున్నాను. పర్దా వెనుక తలవంచుకుంటే ఎవరికి కనబడుతుంది? అయినా వంచుకున్నాను.

"మరి ఏం జెయ్యాలమ్మా?"

"ఏం జెయ్యకు. ఇప్పటిదాంక చేసింది సాలు. నీ దఫ్తరేది?"

చెప్పాను. ఆమె ఆనుకున్న పర్దా వణికింది. కోపమో, నవ్వు ఆపుకుందో తెలియదు. గేటు దాకా పోయి, మల్లేశును పిలిచి, వాకిలంతా వినేలా చెప్పింది. "టీచరమ్మకు పానం మంచిగ లేదు. పాఠం చెప్పదు. పింఛను దఫ్తరుల ఏదో పనున్నదట, ఆడ దించు. దారిల ఆపకు. గడియారం చూసుకుంట తోలు."

మల్లేశు తోలాడు. గేటు దాటుతుంటే వెనక నుంచి బాలమ్మ, సంగతి కప్పిపెడుతూ, ఎవరితోనో అంటోంది. "కానుపు అయ్యేదాంక టీచరమ్మ రాదేమో."

మీరు ఇప్పుడు, గండం గడిచింది కదా అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. పింఛను దఫ్తరు అనగానే ఆ పర్దా ఎందుకు వణికిందో అప్పుడు నాకు తట్టలేదు.

మా దఫ్తరులో, చనిపోయిన సర్కారు నౌకర్ల భార్యలకు పింఛను ఇచ్చేవారు. ఏడాదికోసారి ఆ ముసలమ్మలు తాము బతికే ఉన్నామని వచ్చి వేలిముద్ర వేయాలి. వాళ్లలో పర్దా పాటించేవాళ్లు లోపలికి రారు. రిక్షా వరండా ముందు ఆగుతుంది. చప్రాసి గఫూర్ భాయ్ "పర్దా" అని ఒక్క కేక వేస్తాడు. వరండాలో ఉన్న మగవాళ్లంతా గోడవైపు తిరుగుతారు. ఒక గుమాస్తా సిరాదిమ్మె, కాగితం పట్టుకుని, చూపు పక్కకు పెట్టుకుని వెళతాడు. పర్దాలోంచి ఒక బొటనవేలు వస్తుంది. సిరా అద్ది కాగితానికి అద్దుకుంటాడు. వేలు లోపలికి పోతుంది. ఆమె బతికే ఉన్నట్టు లెక్క.

ఆ పనికి పెట్టిన గుమాస్తాను నేనే.

జనం లేని ఆ గల్లీలోనే దిగుదామని నేను, షరతు ప్రకారం నోరు విప్పకుండా, లోపల నుంచి చెక్క మీద తట్టాను. రెండుసార్లు తడితే కదలమని అర్థం. మల్లేశు ఇంకా జోరుగా కదిలాడు. మళ్లీ తట్టాను. ఎగిరిపోయాడు. అట్లా నేను తట్టిన తట్టుడుకు రిక్షా నయాపుల్ మీద జట్కాలను దాటిపోయి, పదీ ముప్పై ఎనిమిదికి తిన్నగా మా వరండా మెట్లకు ఆనుకుని ఆగింది.

"పర్దా" అన్నాడు గఫూర్ భాయ్.

బూట్లన్నీ ఒక్కసారి తిరిగిన చప్పుడు. మా దఫ్తరంతా గోడను చూస్తోంది. తర్వాత పెద్దసాబ్ గొంతు. "వేలిముద్రల గుమాస్తా ఏడి?"

"నై ఆయా సాబ్" అన్నాడు గఫూర్ భాయ్.

"రాలేదా? గడియారంల ఎంతయింది? సరే. ఎండల అమ్మగారిని కూసోబెట్టుడు మంచిగుండదు. ఆ సిరాదిమ్మె ఇటియ్. నేనే పోత."

ఇరవై ఏళ్లలో పెద్దసాబ్ ఆ పని తన చేత్తో చేయడం అదే మొదలు. మెట్లు దిగి వచ్చి, నాకు వీపు పెట్టి నిలబడి, చెయ్యి మాత్రం వెనక్కి చాపారు.

"అమ్మా, ఫికర్ జెయ్యకుండ్రి. నేను ఇటు చూస్తలేను. జర బొటనవేలు ఇటియ్యండ్రి."

ఈసారి తెలివి తెచ్చుకున్నాను. గడియారం విప్పి జేబులో వేసుకున్నాను. చొక్కా చెయ్యి కిందికి లాగి, ఎడమచేతి బొటనవేలు కణుపు దాకా మాత్రమే బయటపెట్టాను. బొటనవేలికి ఆడా మగా లేదు. ఆయన దాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టుకున్నారు.

"అరె, చెయ్యి వణుకుతున్నది. పెద్దతనంల గట్లనే ఉంటది. మా అమ్మకు సుత గట్లనే వణుకుతది. జర ఆగుండ్రి, సిరా అంటాలె." అద్దారు. "నిజానికి గిది నా పని కాదమ్మా. దీనికని ఒక పిలగాణ్ని పెట్టుకున్న. మంచోడే. నిద్రమొహం. ఇయ్యాల సుత రాలే. ఇంక రెండు నిమిషాలు చూసి గీత గీస్త. గీసినంక వాని నౌకరి ఖతం. పాపం అనిపిస్తది. కానీ ఏం జేద్దాం, చెప్పుండ్రి అమ్మా."

నేను బొటనవేలు ఇంకొంచెం ముందుకు చాపాను.

ఆయన కాగితం మీద ముద్ర తీసుకుని, "పేరేం రాయాలె?" అని మల్లేశును అడిగారు.

"పర్దాల ఉన్న అమ్మను పేరెట్ల అడుగుత సాబ్?" అన్నాడు మల్లేశు.

"అది నిజమే. దస్త్రంల ముద్ర కలిపి చూసి నేనే రాసుకుంట" అని పెద్దసాబ్ కాగితాన్ని ఊదుకుంటూ, సిరా చెదరకుండా, నెమ్మదిగా మెట్లెక్కి తన గది కిటికీ దగ్గర ఎండలో ఆరబెట్టడానికి పోయారు. రిక్షా వెళ్లేదాకా తక్కినవాళ్లు గోడను వదలరు. నాకు దొరికింది అంతే సమయం. అవతలి పక్క నుంచి దిగి, పదిహేడు మంది వీపుల వెనక నుంచి మునివేళ్ల మీద నడిచి, పక్క దర్వాజాలోంచి పెద్దసాబ్ గదిలో దూరాను. ఆయన కిటికీ దగ్గర, నాకు వీపు పెట్టి కాగితం ఊదుతున్నారు. బల్ల మీద హాజరు పుస్తకం. గీత ఇంకా పడలేదు. ఎడమచేత్తో పుట అదిమిపట్టి, కుడిచేత్తో సంతకం చేశాను. గడియారం ముల్లు పదీ నలభై మీద కాలు పెట్టబోతోంది.

పెద్దసాబ్ తిరిగారు.

"ఎప్పుడొచ్చినవ్?"

"గా రిక్షా వచ్చినప్పుడే వచ్చిన సార్."

"మరి వేలిముద్రకు నువ్వెందుకు పోలే?"

"నేను ఆడనే ఉన్న సార్."

రెండూ నిజాలే. నా జీవితంలో అంత నిజాయితీగా అంతకు ముందూ తర్వాతా మాట్లాడలేదు. ఆయన ఇంకేదో అడగబోతుంటే, బయట మల్లేశు గొంతు. ఖాళీ రిక్షా తేలిగ్గా కదిలినట్టుంది, ఆగి పర్దా తట్టి చూశాడు. "సాబ్, అమ్మ లేదు. నా రిక్షాల అమ్మ లేదు."

ఇంతకంటే భయంకరమైన మాట ఆ దఫ్తరు వరండాలో ఎప్పుడూ వినిపించలేదు. పరువైన ఇంటి ముసలమ్మ, పట్టపగలు, సర్కారు దఫ్తరు ముందు, పదిహేడు మంది గోడను చూస్తుండగా మాయం. పెద్దసాబ్ మొహం తెల్లకాగితమైపోయింది. గఫూర్ భాయ్ వెనక బావి దాకా పోయి తొంగిచూసి వచ్చాడు. పోలీసులకు చెప్పాలని ఒకరు, వద్దని ఒకరు. పెద్దసాబ్ ఆ కంగారులో, ఆ పొద్దున ఎవరెవరు దఫ్తరులో ఉన్నారో చూద్దామని హాజరు పుస్తకం లాక్కున్నారు.

ఆయన చూపు నా పేరు దగ్గర ఆగిపోయింది. సంతకం పక్కన, పుట అంచున, నిగనిగలాడుతూ ఒక బొటనవేలి ముద్ర.

ఆయన సొరుగులోంచి భూతద్దం తీశారు. ఇరవై ఏళ్లుగా ముసలమ్మల ముద్రలు కలిపి చూసిన కన్ను. ఒకసారి కాగితం చూశారు, ఒకసారి పుస్తకం చూశారు, చివరికి భూతద్దంలోంచే నన్ను చూశారు. ఆ కన్ను నాకు రిక్షా చక్రమంత కనిపించింది.

"దర్వాజ వెయ్" అన్నారు.

వేశాను. యాదగిరి రిక్షా ఎక్కిన దగ్గర నుంచి పుస్తకంలో సంతకం దాకా అంతా చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే నిద్ర వస్తుందని భయం. ఆయన భూతద్దం సొరుగులో పెట్టి మూశారు.

"నేను నిన్ను అమ్మా అన్న."

"అన్నరు సార్."

"రెండుసార్లా?"

"మూడుసార్లు సార్."

"మా అమ్మ ముచ్చట సుత చెప్పిన."

"చెప్పిండ్రు సార్. చేతులు వణుకుతయని."

"ఎవరన్న విన్నరా?"

"అందరు గోడ దిక్కు తిరిగి ఉన్నరు సార్. చెవులు కూడ తిరిగినయో లేదో తెల్వదు."

ఆయన లేచి, దర్వాజ సగం తెరిచి, బయటికి తల పెట్టి చెప్పారు. "లొల్లి ఆపుండ్రి. అమ్మగారు నాకు చెప్పే వెనక దర్వాజ నుంచి పోయిండ్రు. ఎవరి జాగల వాళ్లు కూసోండ్రి." మళ్లీ మూసి వచ్చి, ఆ వేలిముద్ర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నారు. ఎర్రసిరా కలం తీసుకుని, నా సంతకం కింద, ఆ ముద్రకు తగలకుండా జాగ్రత్తగా వంకర తిప్పి, గీత గీశారు. నేను గీతకు పైనే ఉన్నాను. శనివారం నా కాగితం పైకి పోయింది. నేను పర్మనెంటయ్యాను. సర్కారు నౌకరీలోకి వేలిముద్ర వేసి చేరిన చదువుకున్నవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

కానీ అసలు సంగతి ఆ బుధవారమే, నేను గదిలోంచి బయటికి వస్తుంటే జరిగింది.

"ఇగో, జర ఆగు" అన్నారు పెద్దసాబ్. గొంతు తగ్గించారు. కలం మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. "నిజం చెప్పు. లోపల మంచిగ నిద్ర పడుతదా?"

"మస్తు పడుతది సార్."

"గతుకులకు మెలకువ రాదా?"

"ఊయలలెక్క ఉంటది సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ గోడకు ఆనించి ఆయన సైకిలు ఉంది. ఇరవై ఏళ్లుగా ఒక్కరోజు కూడా ఆలస్యం కాని సైకిలు. దాని సీటు మధ్యలో గుంటపడి ఉంది.

"ఆ టీచరమ్మ ఆదివారం దాంక రాదన్నవు గద" అన్నారు.

మర్నాడు నేను నా సైకిలు మీదే బయలుదేరాను. నయాపుల్ మీద చైను ఊడింది. దిగి బిగిస్తుంటే, పక్కనుంచి యాదగిరి రిక్షా పోయింది. పిక్క తగ్గినట్టుంది. పర్దా నాలుగు పక్కలా బిగించి ఉంది. లోపల నుంచి, యాదగిరి పెట్టిన షరతు ఏమాత్రం లెక్కచేయకుండా, ఇరవై ఏళ్ల గురక వినిపిస్తోంది. యాదగిరి నన్ను చూసి, నిస్సహాయంగా తల ఊపాడు. నేను చైను వదిలి లేచి నిలబడి, రిక్షా దాటిపోయేదాకా మర్యాదగా మూసీ వైపు మొహం తిప్పుకున్నాను.

ఆ రోజు అక్కడే, ఆ వంతెన మీద, నూనె అంటిన చేతులు జోడించి నేనొక ప్రతిజ్ఞ చేశాను. నలుగురు మోసుకుపోయే ఆ ఆఖరి సవారీలో తప్ప, ఇక ఏ సవారీలోనూ కన్ను మూయను. అప్పుడు కూడా, ఎక్కడికి తీసుకుపోతున్నారో ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుని మరీ మూస్తాను.